అవి గంజినీళ్లు కావు

1

"ఇంకొక్కసారి తాతా! దోసిట్లో నీళ్లు కెమెరాకు కనబడాలి. తాగక్కర్లేదు, నాలుకకు అంటితే చాలు" అంది సృజన.

పర్శరాములు పంచె మోకాళ్లపైకి ఎగగట్టి మళ్లీ వంగాడు. వేములగట్టు పక్కగా పారి మానేరులో కలిసే ఒర్రె అది. ఆ ఉదయం అందులో నీళ్లు పలచని మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. ఎగువన బ్లీచింగ్ కంపెనీ ప్రహరీ, ప్రహరీలోంచి బయటికి పొడుచుకొచ్చిన సిమెంటు పైపు. తెల్లనీళ్లు ఆ పైపులోంచే వస్తున్నాయి.

సృజన హైదరాబాదు నుంచి వచ్చింది. 'అమ్మచేయి' పేరుతో బ్యాండేజీలు, దూది, పుండ్ల మందులు అమ్మే పెద్ద కంపెనీలో సామాజిక బాధ్యత విభాగం ఆమెది. వేములగట్టులో మరమగ్గాన్ని సాంచ అంటారు. అక్కడి సాంచాల మీద నేసిన బట్టను సుదర్శన్‌రావు బ్లీచింగ్ కంపెనీలో తెల్లగా చేసి, పొట్లాలు కట్టి, ఆ పేరుతో దేశమంతా పంపుతారు. పైపు నీళ్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. ఏటా అచ్చువేసే బాధ్యత నివేదికలో వాటికి జవాబు ఉండాలి. అందుకే ఈ కెమెరా.

ఆ జవాబు చెప్పడానికి పర్శరాములును మించినవాడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. నూలుకు గంజి పట్టించే సైజింగులో నలభై ఏళ్లు గంజి వండాడు. సుల్తానాబాద్ మిల్లుల నూకపిండి కాగులో ఉడుకుతుంటే ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇంకో చుక్క రెండు వేళ్ల మధ్య నలిపి, ఈ గంజి పట్టిన పోగు సాంచ మీద తెగుతుందో నిలుస్తుందో చెప్పేసేవాడు. నేతోళ్లుండే మార్కండేయ గల్లీలో అతని నాలుకకు అప్పీలు లేదు.

దోసిలి ఎత్తాడు. నాలుక అంటించాడు. వేళ్ల మధ్య నలిపాడు.

"గంజినీళ్లే" అన్నాడు. "కొత్త బట్ట నానవెడితే దిగిన గంజి. ఎన్కట మా ఇండ్లల్ల బర్రెలకు తాపింది గివే నీళ్లు. ఏం గాదు, ఫికర్ చెయ్యకుండ్రి."

ఒడ్డున చేరిన జనంలోంచి అతని భార్య దేవవ్వ గొంతు లేచింది.

"ఓ బాధ్యత మేడం! గీయన నాలుకకు ముప్పై ఎనిమిదేండ్ల సంది వండి పెడుతున్న. ఒక్కనాడు బాగుందనలే. నీ కంపెనీ నీళ్లకు ఎంటనే బాగున్నయన్నడు, సూడు!"

జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది దేవవ్వే. కెమెరా ఆ నవ్వును కూడా పట్టుకుంది.

2

అది జరిగి పదహారు నెలలైంది.

ఈలోగా ఆ వీడియో మంచిర్యాలలో, కరీంనగర్‌లో, ఇంకా ఎక్కడెక్కడి మీటింగుల్లోనో ఆడింది. పర్శరాములు ఫోటో నివేదిక అట్ట మీదికెక్కింది. గల్లీ చివర కంపెనీ ఒక తాగునీళ్ల ప్లాంటు పెట్టించింది. బడి ముందు నలభై మొక్కలు నాటింది. ఆడవాళ్లు నిశ్చింతగా ఒర్రెలోకి దిగారు.

దేవవ్వ అందరికంటే ఎక్కువసేపు దిగేది. కంపెనీ పారేసే బ్యాండేజీ అంచులు, చెడిన ముక్కలు తెచ్చి ఉతికి, ఆరబెట్టి, దీపాల వత్తులు చేసేది. నెలకోసారి మూట కట్టుకుని బాసర పోయి గుడి ముందు అమ్మి వచ్చేది. గంజి పారే నీళ్లలోనే వదులుతుందని నేతోళ్ల నమ్మకం. అందుకని బకెట్టులో కాదు, ఒర్రెలోనే, పిక్కల లోతున నిలబడి రెండేసి గంటలు ఉతికేది.

"ఇగో ఇన్నవా? నీళ్లు జారుతున్నయే, సబ్బు పెట్టినట్టు" అంది ఒకనాడు.

"గంజి జిగురది" అన్నాడు పర్శరాములు తల తిప్పకుండా.

ఒర్రె దాకా పోయి చూడలేదు. ప్రతి కాగూ కొత్త కాగేరా, నిన్నటి రుచి ఇవాళ్టికి పనికిరాదు అని నలభై ఏళ్లు పనివాళ్లకు నేర్పిన మనిషి, ఒక్క దోసిలి చూసి ఒర్రె మొత్తానికి మాటిచ్చేశాడు.

దేవవ్వకు పన్నెండేళ్లుగా షుగరు. పాదాలకు స్పర్శ పోయి చాలా కాలమైంది. ముల్లు దిగినా తెలిసేది కాదు. అరికాళ్లు పగిలి, తోలు ఊడి, మడమ దగ్గర మాంసం కనబడే దాకా ఆమెకు ఏమీ తెలియలేదు. కోడలు వనజ చూసి కెవ్వుమంది. వనజ బ్లీచింగ్ కంపెనీలోనే పొట్లాలు కట్టే సెక్షన్లో పనిచేస్తుంది. దగ్గరున్న కట్టు కట్టి, ఆటోలో వేసుకుని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూశాడు.

"ఇది షుగరు పుండు ఒక్కటే కాదు. కాలిన గాయం. కాస్టిక్ సోడా లాంటిదేదో తగిలింది. ఈమె ఎక్కడ పనిచేస్తుంది?"

"యాడ చెయ్యదు సారు" అన్నాడు పర్శరాములు. "నీళ్లల్ల నిలబడ్తది."

నర్సు కొత్త కట్టు పొట్లం చింపింది. పసుపు కాగితం మీద తెరిచిన అరచేయి బొమ్మ, కింద 'అమ్మచేయి' అన్న అక్షరాలు. ఆ బట్ట మార్కండేయ గల్లీలోనే నేసి ఉంటారు. దేవవ్వ కాలిని తిన్న నీళ్లలోంచే అది తెల్లబడి వచ్చింది. దాన్నే ఆ కాలికి చుట్టారు.

మొదట పాదం తీశారు. నాలుగో రోజు మోకాలి కిందికి తీశారు. విషం అప్పటికే పైకి పాకింది.

"కాలు గుంజుతున్నదే" అంది దేవవ్వ ఏడో రోజున.

"ఏ కాలు?"

"లేని కాలు."

పర్శరాములు దుప్పటి సర్దాడు. కింద చదునుగా ఉన్న చోట చెయ్యి పెట్టి ఒత్తాడు. ఉన్నన్నాళ్లు ఒక్క నొప్పీ తెలియనివ్వని కాలు, లేకుండాపోయాక ఆమెను నిద్రపోనివ్వలేదు.

"ఇప్పుడు బాగుందా?"

"ఆఁ. గట్లనే పిసుకు" అంది దేవవ్వ కళ్లు మూసుకుని. తర్వాత, "వత్తుల మూట పచ్చిగుంది. వనజను ఎండల పెట్టుమను" అంది.

తొమ్మిదో రోజు తెల్లవారకముందే ప్రాణం పోయింది.

3

ఆసుపత్రి ఆవరణలో అంబులెన్సు కోసం చూస్తుంటే కొడుకు రంజిత్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ముప్పై మూడేళ్లవాడు. కంపెనీలో బట్ట ఉడకబెట్టే కాగుల దగ్గర పని.

"బాపు, ఆనాడు నువ్వు నాకినయి గంజినీళ్లే. నీ నాలుక తప్పు చెప్పలే."

పర్శరాములు తలెత్తాడు.

"కెమెరా అచ్చుడుకు మూడు దినాల ముందు సూపర్‌వైజర్ అచ్చి కాస్టిక్ కాగు బంద్ పెట్టుమన్నడు. దాని వాల్వు మూసినం. ఒట్టి గంజి దిగిన నీళ్లే ఒర్రెల ఇడ్సినం. మేడం బండి పోంగనే మళ్ల తెర్సినం. మూసింది నేనే. తెర్సింది నేనే."

"మరి నీళ్లు కడిగే ట్యాంకులు పెట్టినమన్నరు గదరా?"

"ఉన్నయి. రంగులు గూడ ఏసిండ్రు. ఆఫీసర్లు అచ్చేనాడు తిరుగుతయి. వాళ్లు పోంగనే బంద్. కరెంటు దండుగ, మందులు దండుగ అంటరు."

"గిన్ని దినాలు ఎందుకు చెప్పలేరా?"

రంజిత్ నేల మీద గీతలు గీశాడు.

"సుట్టాలస్తున్నరంటే ఇల్లు ఊడ్వమా? గంతే అనుకున్న. అవ్వ గా నీళ్లల్లనే నిలబడ్తదని యాదికి రాలే బాపు. గోడ లోపల పనిజేసెటోనికి పైపు అవతల ఏముందో కనబడది."

పర్శరాములు చెయ్యి లేచింది. కొడుకు చెంప దాకా పోయి గాల్లోనే ఆగింది. వాడు వాల్వు మూశాడు. తను మాటిచ్చాడు. ఆ చెయ్యి ఎవరి మీద పడాలో తేల్చుకోలేక ఒళ్లో వాలిపోయింది.

4

అంబులెన్సు గల్లీలోకి తిరిగేసరికి ఆరున్నర.

మార్కండేయ గల్లీలో ఒక కట్టడి ఉంది. గల్లీలో పీనుగ ఉండగా సాంచ మోగకూడదు. పీనుగ లేచి గల్లీ దాటాకే మళ్లీ మోటారు వేయాలి. అందుకని దేవవ్వను అరుగు మీదికి దించగానే ఒక కార్ఖానా ఆగింది. పక్కది ఆగింది. మొదటి సందు, రెండో సందు, వాటర్‌ట్యాంకు వెనక సందు, అన్నీ ఆగిపోయాయి. పగలూ రాత్రీ టకటకలాడే ఊరు గొంతు నొక్కినట్టు మూగబోయింది.

ఆ నిశ్శబ్దం సుదర్శన్‌రావును లేపింది. తాత కాలంలో ఆ ఇంటికి దొరతనం, కోటలాంటి గడీ ఉండేవి, తండ్రి కాలంలో రైస్‌మిల్లు. ఇతని కాలానికి బ్లీచింగ్ కంపెనీ. ఎనిమిది గంటలకల్లా తెల్లచొక్కాలో వచ్చి చేతులు జోడించాడు. వెనక మనిషి చేతిలో పూలచక్రం, మడత నలగని తెల్లబట్ట తాను.

"పర్శరాములూ, దేవవ్వ మా ఇంటి మనిషి లెక్క. కావల్సినవన్నీ మేం చూస్తం. ఎండలు ఎట్లున్నయో నీకు చెప్పేదేముంది? పదిలోపట లేపుండ్రి. పదకొండింటికి బడి గ్రౌండుల ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. రెండో యూనిట్ వస్తే మన పోరగాళ్లకే కదా పని."

వనజ లేచింది. తెల్లబట్ట తాను తీసుకుని తిరిగి ఆ మనిషి చేతుల్లోనే పెట్టింది.

"మా అత్తకు తెల్లబట్ట వద్దు సారు. దీన్ని తెల్లగ జేసిన నీళ్లే ఆమెను తిన్నయి."

అంతయ్య తన కార్ఖానాలోకి పోయి కత్తెరతో సాంచ మీద ఉన్న బట్టను కోసుకొచ్చాడు. బ్లీచింగ్ చూడని కోరా బట్ట. గరుకుగా, మట్టిరంగులో, గంజి వాసనతో ఉంది. అంతయ్య నలభై ఏళ్లుగా పర్శరాములు గంజి మీద నేసినవాడు, గల్లీలో అందరినీ నవ్వించేవాడు. ఇవాళ మాత్రం బట్ట కప్పి, తల తిప్పుకుని ముక్కు చీదాడు.

సుదర్శన్‌రావు పూలచక్రం గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

"ఇనుర్రి" అన్నాడు పర్శరాములు. గల్లీ అంతా అక్కడే ఉంది. రంజిత్ చెప్పిందంతా చెప్పాడు. వాల్వు సంగతి, ట్యాంకుల సంగతి. చివర్లో తన సంగతికి వచ్చాడు. "నా మాట పట్టుకొని మీరందరు గా నీళ్లల్ల దిగిండ్రు. నేను ఒక్క కాగు సూసి అన్ని కాగులకు జవాబు చెప్పిన."

మేకలు కాసుకునే ముసలామె ముందుకు దూసుకొచ్చింది.

"నీ నాలుక తెగిపడ! నావి ఆరు మేకలు సచ్చినయిరా! గంజినీళ్లకు సావయి గదా, ఇంకేం రోగమోనని దేవునికి మొక్కిన. నీ మాట నమ్మి ఏడో మేకను గూడ గాడ్నే తాపిన!"

"నిజమే అవ్వా" అన్నాడు పర్శరాములు. "తిట్టు."

ఆమె తిట్టలేకపోయింది. శవం కాళ్ల దగ్గర కూలబడి, ఒకటే ఉన్న పాదాన్ని పట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే చేతులు చాపి చూసుకున్నారు. పగిలిన వేళ్లు, ఊడిన గోళ్లు. ఇన్నాళ్లూ ఎవరి చేతులు వాళ్లు కొంగులో దాచుకున్నారు.

"అయితే ఏం జేద్దామంటరు?" అన్నాడు ఒక ఆసామి. ముప్పై సాంచాలవాడు. "దొరతోని పెట్టుకుంటే మన బట్ట కొనేదెవడు? ఒర్రె కోసం బువ్వ ఇడుస్తమా?"

"కంపెనీ ముయ్యమని ఎవలన్నరు చిన్నాయనా?" అంది వనజ. "నేనూ గా కంపెనీలనే పనిజేస్తున్న. ట్యాంకులు దినాం తిప్పుమంటున్నం. పుండుకు కట్టే బట్ట చేసెటోడు పుండు చేసుడెందుకంటున్నం. గా మాట అడుగుతే బువ్వ పోతదా?"

"పోయినసారి మీటింగుకు ఇద్దరం పోయినం" అన్నాడు ఇంకొకడు. "కుర్చీలేసిండ్రు, సమోసాలు పెట్టిండ్రు, సంతకాలు తీస్కున్నరు."

"సమోస తినేదాక పోరాటం, తిన్నంక సంతకం!" అన్నాడు అంతయ్య. ఎవరో ఏడుస్తూనే నవ్వారు. "ఇద్దరు పోతే సమోస సరిపోతది. ఇయ్యాల గల్లీ మొత్తం పోదాం. ఎన్ని సమోసాలు తెప్పిస్తడో సూద్దాం."

"పీనుగను పెట్టుకొనా?" అన్నాడు ఆసామి.

పర్శరాములు భార్య ముఖం వైపు చూశాడు.

"గా మాట వాపసు తీసుకోకుంట దీనికి నిప్పు పెట్టలేను. మాట తీసుకున్నంకనే లేపుత. గందాక కొందరు ఆడోళ్లు దీని దగ్గర కూసోండ్రి."

5

బడి గ్రౌండులో పెద్ద టెంటు, కూలర్లు, వేదిక మీద అధికారులు, వాళ్ల పక్కన సుదర్శన్‌రావు. కుర్చీల మీద నివేదిక పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ప్రతి పుస్తకం మీదా పర్శరాములే, దోసిట్లో నీళ్లతో.

మూడు వందల మంది చప్పుడు లేకుండా వచ్చి నిలబడ్డారు. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పోలీసులు అటూ ఇటూ సర్దుకున్నారు.

దేవవ్వ పోయిందని సృజనకు ఎవరూ చెప్పలేదు. వేదిక పక్కన నిలబడి, ఉత్సాహంగా వీడియో పెట్టించింది. తెర మీద ఒర్రె పారింది. పర్శరాములు వంగాడు. నాలుక అంటించాడు. గంజినీళ్లే అన్నాడు. ఆ వెంటనే నాలుగు స్పీకర్లలోంచి దేవవ్వ గొంతు గ్రౌండు నిండా లేచింది.

"గీయన నాలుకకు ముప్పై ఎనిమిదేండ్ల సంది వండి పెడుతున్న..."

తర్వాత ఆ నవ్వు.

మూడు వందల మందిలో ఒక్కరూ నవ్వలేదు. అంతయ్య చెవులు మూసుకున్నాడు. రంజిత్ నేల మీద కూలబడ్డాడు. పర్శరాములు మాత్రం తెర వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆమె రెండు కాళ్ల మీద నిలబడి నవ్వుతోంది.

తెర ఆగింది. అతను మైకు దగ్గరికి నడిచాడు.

"బిడ్డా, నిన్నొక్కటి అడగాలె" అన్నాడు సృజనతో. "ఆనాడు మీరు చెప్పి అచ్చిండ్రా, చెప్పకుంట అచ్చిండ్రా?"

ఆమె వేదిక వైపు చూసింది. సుదర్శన్‌రావు తల అడ్డంగా ఊపాడు.

"వారం ముందే చెప్పాం తాతా. ఏ రోజు, ఎన్ని గంటలకు... అన్నీ చెప్పాం."

"నేను నాకిన నీళ్లు, నువ్వు పోయినంక పారిన నీళ్లు ఒక్కటేనా?"

"నాకు తెలీదు."

"నాకెర్క!" రంజిత్ లేచాడు. "మూడు దినాల ముందు కాస్టిక్ వాల్వు బంద్ పెట్టినం. మీ బండి పోంగనే తెర్సినం. ట్యాంకులు ఆఫీసర్లు అచ్చిననాడే తిరిగినయి. గా నీళ్లల్లనే మా అవ్వ కాలు కాలింది. గా నవ్విన ఆమె, పొద్దుగాల్ల పీనుగయి అచ్చింది. గల్లీల పండుకోనుంది!"

సృజన చేతిలోని రిమోటు కిందపడింది. పుస్తకం అట్ట వైపు ఒకసారి, పర్శరాములు వైపు ఒకసారి చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

సుదర్శన్‌రావు తన మైకు అందుకున్నాడు. "పాపం, దుఃఖంల ఉన్నరు. ఇంటికి తీస్కపోండ్రి."

"దుఃఖంల ఉన్న" అన్నాడు పర్శరాములు. "అయినా మతి తప్పలే. సారూ, రాసుకోండ్రి. గా వీడియోల నేనిచ్చిన మాట నేను వాపసు తీసుకుంటున్న. అవి గంజినీళ్లు కావు."

"రాతపూర్వకంగా ఇవ్వాలి" అన్నాడు అధికారి.

"మరి గా వీడియో రాతనా? అప్పుడు నా నాలుక సాలింది గదా!"

"అవి గంజినీళ్లు కావు!" అంది మేకల ముసలామె వెనక నుంచి. "నా పేరు రాసుకో!"

"నాది గూడ!"

"అవి గంజినీళ్లు కావు! రాసుకో!"

పేరు వెంట పేరు వచ్చిపడింది. అంతయ్య అరిచాడు. సమోసాల సంగతి చెప్పినవాడు అరిచాడు. బువ్వ పోతుందని భయపడ్డ ముప్పై సాంచాలవాడు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని తనూ అరిచాడు. రాసుకునే గుమస్తా కలం ఆపి వేదిక వైపు చూశాడు. అధికారులు లేచారు. లాఠీలు కదిలాయి.

అంతయ్య నుదురు పగిలింది. ఎవరో కట్టు కోసం బల్ల మీది 'అమ్మచేయి' నమూనా పొట్లం చింపబోతే అంతయ్య ఆ చెయ్యి తోసేసి తన తువ్వాలు చుట్టుకున్నాడు. తండ్రీ కొడుకులిద్దరినీ జీపులోకి నెట్టారు.

6

పోలీస్ స్టేషన్ గల్లీకి అంత దూరం లేదు. సాంచాలు నడుస్తుంటే ఆ చప్పుడు లాకప్ గోడలకు కూడా తగులుతుంది.

సీఐ రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది కంపెనీ ఫిర్యాదు. రంజిత్ అనే కార్మికుడు నిర్లక్ష్యంగా వాల్వు తెరిచి కాస్టిక్ నీళ్లు ఒర్రెలోకి వదిలాడని, యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదని అందులో ఉంది. పదహారు నెలలు లేని నేరం మూడు గంటల్లో పుట్టి, రంజిత్ పేరు పెట్టుకుంది.

రెండోది చిన్నది. భార్య పోయిన దుఃఖంలో తెలియక మాట్లాడాను, వీడియోలో చెప్పిందే నిజం.

"దీని మీద సంతకం పెట్టు. అది చింపేస్త" అన్నాడు సీఐ. "ఇద్దరూ పోయి దహనం చేస్కోండ్రి. గీ ఎండల పీనుగను ఎంతసేపు పెడ్తరు? ముసలోనివి, చెప్తున్న ఇను."

పర్శరాములు కలం చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నది నిజం. దేవవ్వ ముఖం మీద ఈగలు వాలుతుంటాయి. ఆమెకు నిప్పు పెట్టాల్సిన కొడుకు కటకటాల వెనక ఉన్నాడు. ఒక్క సంతకంతో సాయంత్రానికి మానేరు ఒడ్డున అంతా అయిపోతుంది. వాడు ఇంటికొస్తాడు.

"పెట్టకు బాపు" అన్నాడు రంజిత్ లోపల్నుంచి.

అదే సమయంలో వనజ వచ్చింది. గుమ్మం దాటనివ్వలేదు. బయటి నుంచే గొంతెత్తింది.

"మామా! అత్తను మేం తీస్కపోతున్నం. ఆడోళ్లమే మోస్తం. నిప్పు నేను పెడ్త. సంతకం పెట్టకు! ఇన్నవా? ఒక్కసారి అత్త పానం తిన్నది నీ మాట. మళ్ల ఇయ్యకు!"

ఆ మాట సూటిగా వచ్చి గుండెలో దిగింది. అది నిజం కాబట్టి అతను కోపం తెచ్చుకోలేదు. కలం కాగితం మీద పెట్టి, రెండింటినీ సీఐ వైపు నెట్టాడు.

"వద్దు సారు."

అతన్నీ కొడుకు దగ్గరికే నెట్టి తాళం వేశారు. నాలుగింటికి డప్పు వినిపించింది. గల్లీ మొదట్లో సన్నగా మొదలై దగ్గరికి వచ్చింది. స్టేషన్ ముందు ఆగింది. కిటికీ ఎత్తుగా ఉంది. పర్శరాములుకు ఏమీ కనబడలేదు. గోడకు చెంప ఆనించి నిలబడ్డాడు. బయట ఆడవాళ్ల ఏడుపు, ఒకరి భుజం నుంచి ఒకరి భుజానికి పాడె మారిన చప్పుడు. తర్వాత డప్పు ముందుకు కదిలింది, మానేరు వైపు. వినబడినంతసేపు విన్నాడు. వినబడకుండా పోయాక కూడా నిలబడే ఉన్నాడు.

"బాపు" అన్నాడు రంజిత్. "పోయింది."

"ఆఁ."

ఇక సాంచాలు మొదలవ్వాలి. నలభై ఏళ్లలో ఎన్ని చావులు చూడలేదు. పాడె గల్లీ దాటిన పావుగంటకు ఎవడో ఒకడు మోటారు వేస్తాడు. ఒకటి మోగితే రెండోది, దాని వెంట పదీ. ఎంతటి దుఃఖమైనా పొట్ట ముందు ఆ పావుగంటే నిలుస్తుంది. ఆ మాట సుదర్శన్‌రావుకూ తెలుసు.

పావుగంట గడిచింది. గంట కావచ్చింది.

చెవి గోడకు పెట్టాడు. కాకి అరిచింది. ఎక్కడో బండి హారను. అంతే.

కటకటాల అవతల కుర్చీలో ఉన్న కానిస్టేబులు కూడా వింటున్నాడు. పాతికేళ్లవాడు, అతని అవ్వ కూడా సాంచాలకు నూలు కండెలు చుట్టి పెంచినామే. కాసేపు చూసి, లేచి గుమ్మం దాకా పోయి వచ్చాడు.

"ఏందే తాతా, పీనుగ లేసింది గదా? గల్లీ దాటిపోయి గంటయింది. ఇంక ఒక్క సాంచ సుత సురువు గాలేదేంది?"

పర్శరాములు కళ్లు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని ఇంకాస్త విన్నాడు. ఒక సందులో కాదు, రెండు సందుల్లో కాదు. ఊరంతా.

"లేవలే బిడ్డా" అన్నాడు. "గా పైపు మూసిందాక లేవది."